రంగు ప్రింటర్ల రహస్య చుక్కలు: గుర్తు ఉండవచ్చు, గుట్టు ఉండకూడదు

ఎన్నికలు వచ్చాయంటే బెల్లంపల్లిలో కరపత్రాలకు కొదవ ఉండదు. గని గేట్ల దగ్గర, కాంటా చౌరస్తాలో, బస్టాండులో ఎవరో ఒకరు చేతిలో కాగితం పెడతారు. అసెంబ్లీ ఎన్నికల కరపత్రం అయితే అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస కనిపిస్తుంది. అచ్చు వేసిన ప్రెస్ పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు అందులో ఉంటాయి. ప్రెస్సు యజమాని ఇష్టపడి వేసుకున్న వరుస కాదిది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం ఈ వివరాలు లేకుండా ఎన్నికల కరపత్రం గానీ పోస్టర్ గానీ ముద్రించకూడదు. ముద్రిస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంతకుముందే, 1867లో బ్రిటిష్ పాలకులు తెచ్చిన చట్టం పుస్తకాలకూ పత్రికలకూ ఇలాంటి నియమమే పెట్టింది.

ఆ వరుస అందరికీ కనిపిస్తుంది. అది ఎందుకు ఉందో, లేకపోతే ఏమవుతుందో చట్టంలో రాసి ఉంది. అదే బజారులో కలర్ లేజర్ ప్రింటరు మీద ఒక దరఖాస్తు తీయించుకున్నామనుకోండి. చాలా యంత్రాలు ఆ కాగితం మీద మరో గుర్తు కూడా వేస్తాయి. దాని గురించి ప్రింటు తీయించుకున్నవారికి తెలియదు, చాలాసార్లు షాపువారికీ తెలియదు. మన దేశంలో ఏ చట్టమూ దాని పేరెత్తి మాట్లాడదు. దాదాపు నలభై ఏళ్లుగా నడుస్తున్న ఈ వ్యవహారంలో ఇప్పటిదాకా తేలినదేమిటి, తేలాల్సినదేమిటి, బెల్లంపల్లి లాంటి ఊరికి దీనితో పనేమిటి అన్నది ఈ సమీక్ష.

ఎక్కడి నుంచి వచ్చాయి

1980ల నడుమ కలర్ కాపీయర్లు మార్కెట్లోకి రాబోతున్నప్పుడు ప్రభుత్వాలకు పట్టుకున్న భయం ఒక్కటే: వీటితో దొంగనోట్లు అచ్చు వేస్తారని. ఆ భయాన్ని పోగొట్టడానికి జిరాక్స్, కెనాన్ కంపెనీలు ఒక ఉపాయం కనిపెట్టాయి. యంత్రం నుంచి బయటికి వచ్చే ప్రతి రంగు పేజీ మీద కంటికి ఆనని పసుపు చుక్కలు పడతాయి. ఆ చుక్కల అమరికలో యంత్రం సీరియల్ నంబరు ఉంటుంది. దొంగనోటు దొరికితే చుక్కలు చదివి, యంత్రం ఎవరికి అమ్మారో కంపెనీని అడిగి, మనిషి దాకా వెళ్లవచ్చు.

ఈ సంగతి రెండు దశాబ్దాలపాటు సామాన్య జనానికి తెలియలేదు. 2004లో నెదర్లాండ్స్ అధికారులు నకిలీలు తయారుచేసే ఒక ముఠా జాడ తీయడానికి ఈ చుక్కలను వాడుతున్నారన్న వార్త బయటికి వచ్చింది. అదే ఏడాది జిరాక్స్ శాస్త్రవేత్త పీటర్ క్రీన్ ఈ పద్ధతి గురించి ఒక అమెరికన్ కంప్యూటర్ పత్రికతో మాట్లాడారు. 2005 అక్టోబరులో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ జిరాక్స్ డాక్యుకలర్ యంత్రపు చుక్కల లిపిని ఛేదించి లోకానికి చెప్పింది. ఆ లిపి ఏమిటో కంపెనీలు గానీ ప్రభుత్వాలు గానీ తమంతట తాము జనానికి చెప్పలేదు. బయటివారు కూర్చొని విప్పితే తెలిసింది.

చుక్కలను చదవడం

ఒక్కో చుక్క మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే ఉంటుంది. తెల్ల కాగితం మీద లేత పసుపు మన కన్నుకు ఆనదు. అదే కాగితం మీద నీలం ఎల్ఈడీ కాంతి వేసి భూతద్దంతో చూస్తే పసుపు చుక్కలు నల్లగా తేలతాయి. స్కాన్ చేసి నీలం రంగు పొరను మాత్రమే విడదీసినా కనిపిస్తాయి.

డాక్యుకలర్ లిపిలో 15 నిలువు వరుసలు, 8 అడ్డు వరుసలు ఉంటాయి. పై అడ్డు వరుసా, మొదటి నిలువు వరుసా తప్పులు సరిచూసుకోవడానికి. మిగిలిన ఏడు అడ్డు వరుసలకు పై నుంచి కిందికి 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు. నిమిషాల నిలువు వరుసలో 32, 2, 1 దగ్గర చుక్కలు ఉంటే మొత్తం 35. గంటల వరుసలో 16, 2 దగ్గర ఉంటే 18. అంటే ఆ కాగితం యంత్రం గడియారం ప్రకారం సాయంత్రం 6 గంటల 35 నిమిషాలకు బయటికి వచ్చింది. ప్రతి నిలువు వరుసలో చుక్కల సంఖ్య బేసిగా ఉండాలన్నది నియమం. నిమిషాల్లో మూడు చుక్కలు ఉన్నాయి కాబట్టి పైన ఏమీ పెట్టదు, గంటల్లో రెండే ఉన్నాయి కాబట్టి పైన ఒకటి కలుపుతుంది. తేదీ, నెల, సంవత్సరం, సీరియల్ నంబరుకు విడివిడిగా నిలువు వరుసలున్నాయి. ఈ అమరిక పేజీ నిండా మళ్లీ మళ్లీ పడుతుంది. కాగితంలో ఒక మూల చింపి ఇచ్చినా చదవడానికి చాలినంత దొరుకుతుంది.

అన్ని కంపెనీలదీ ఒకే లిపి కాదు. జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 18 కంపెనీలకు చెందిన 141 ప్రింటర్ల నుంచి 1,286 పేజీలు సేకరించి 2018లో ఫలితాలు ప్రకటించారు. చుక్కలను గుర్తించే, వాటి అర్థం చెడగొట్టే సాఫ్ట్‌వేరును కూడా అందరికీ ఉచితంగా ఇచ్చారు.

ఏ యంత్రాలు, ఏవి కావు

అనవసరపు భయం పెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు కాబట్టి ఇది స్పష్టంగా చెప్పాలి. బెల్లంపల్లి జిరాక్స్ సెంటర్లలో రోజంతా తిరిగేవి ఎక్కువగా నలుపు-తెలుపు యంత్రాలు. వాటిలో పసుపు సిరా ఉండదు కాబట్టి ఈ చుక్కలు పడవు. ఫొటోలకు, ప్రాజెక్టు రికార్డులకు వాడే ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లలోనూ ఈ పద్ధతి ఉన్నట్టు తేలలేదు. ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చయ్యే పెళ్లికార్డులకు, చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీలకు దీనితో సంబంధం లేదు. చుక్కల పద్ధతి కలర్ లేజర్ ప్రింటర్లదీ కలర్ కాపీయర్లదీ. వాటిలోనూ కొన్నింటిలో చుక్కలు దొరకలేదు. అయితే కొత్తగా వచ్చే వ్యాపార స్థాయి కలర్ లేజర్ యంత్రాలన్నీ కంటికి కనిపించేదో కనిపించనిదో ఏదో ఒక గుర్తు వేస్తూ ఉండవచ్చని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ హెచ్చరించింది. చుక్కలు కనబడలేదంటే గుర్తే లేదని అనుకోవడానికి లేదు.

నలుపు-తెలుపు యంత్రం కూడా పూర్తిగా అనామకమేమీ కాదు. లోపలి రోలర్లు, గేర్లు తిరిగే తీరులో ఉండే చిన్న తేడాలు కాగితం మీద సన్నని పట్టీలుగా పడతాయని, వాటిని బట్టి యంత్రాన్ని పోల్చవచ్చని అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లోనే చూపించారు. టైప్ మిషన్ల కాలంలో అక్షరం అరుగుదలను బట్టి మిషన్‌ను పట్టుకోవడం నేర పరిశోధనలో మామూలే. రుమేనియాలో చౌషెస్కూ పాలన 1983లో ప్రతి టైప్ మిషన్‌నూ పోలీసుల దగ్గర నమోదు చేయించి, అక్షరాల నమూనా తీసుకునే శాసనమే తెచ్చింది. నియంతృత్వం బహిరంగంగా చేసిన ఆ నమోదునే, ప్రజాస్వామ్య దేశాల్లో అమ్ముడయ్యే యంత్రాలు ఎవరికీ చెప్పకుండా చేస్తున్నాయి.

యంత్రం నుంచి మనిషి దాకా

చుక్కలు చెప్పేది యంత్రం నంబరు, గడియారం చూపిన సమయం. ఎవరు ప్రింటు తీశారో అవి చెప్పవు. గడియారం తప్పు ఉండవచ్చు. యంత్రం రెండు మూడు చేతులు మారి ఉండవచ్చు. పెద్ద నగరాల్లో వాడి వదిలేసిన యంత్రాలు బాగుచేసి చిన్న పట్టణాల షాపులకు రావడం మన దగ్గర మామూలే. కంపెనీ పుస్తకంలో ఉన్న పేరుకూ, ఇప్పుడు ఆ యంత్రం నడుపుతున్న మనిషికీ సంబంధమే ఉండకపోవచ్చు. షాపు యంత్రమైతే అది ఊరందరిదీ. చుక్కలను పట్టుకొని వచ్చేవారికి ముందుగా దొరికేది షాపు యజమానే. తనకు తెలియని గుర్తుకు తాను జవాబు చెప్పుకోవాల్సిన స్థితి ఆయనది.

ఇరవై ఏళ్ల కింద వ్యవహారం అక్కడితో ఆగేది. ఇప్పుడు ఆగదు. ప్రింటు కావాలంటే షాపు వాట్సాప్ నంబరుకు ఫైలు పంపిస్తాం, అంటే మన ఫోన్ నంబరు అక్కడ ఉంటుంది. పది రూపాయలకూ ఫోన్‌పే కొడతాం, అంటే పేరూ నిమిషమూ బ్యాంకు రికార్డులో ఉంటాయి. ఎదురుగా సీసీ కెమెరా ఉంటుంది. తెలంగాణ పోలీసులు ‘నేను సైతం’ పేరుతో కాలనీల్లో, దుకాణాల్లో కెమెరాలు పెట్టించిన సంగతి అందరికీ తెలిసిందే. కాగితం మీది నిమిషానికి పేమెంటు నిమిషం కలిస్తే, విడిగా ఏమీ తేల్చలేని చుక్క మనిషి పేరు చెప్పేస్తుంది. ఈ చుక్కల మీద ఇప్పుడు మళ్లీ మాట్లాడాల్సి రావడానికి అసలు కారణం ఇదే.

2017లో అమెరికాలో జరిగిన రియాలిటీ విన్నర్ కేసును ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. ఎన్నికల్లో రష్యా జోక్యంపై జాతీయ భద్రతా సంస్థ తయారుచేసిన రహస్య నివేదికను ఆమె ది ఇంటర్‌సెప్ట్ వార్తాసంస్థకు పంపారు. ఆ సంస్థ ప్రచురించిన ప్రతిలో చుక్కలు ఉన్నాయని, అది 2017 మే 9న ఉదయం 6:20కి ప్రింటయినట్టు చెబుతున్నాయని బయటి భద్రతా నిపుణులు చదివి చూపారు. చుక్కలే ఆమెను పట్టించాయన్న మాట అప్పటి నుంచి ప్రచారంలో ఉంది. కోర్టుకు ఎఫ్‌బీఐ చెప్పినది మాత్రం వేరు: ఆ పత్రాన్ని ప్రింటు తీసినవారు ఆరుగురు, వారిలో ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ వార్తాసంస్థతో ఈమెయిల్ నడిపినది ఆమె ఒక్కరే. ఆమెకు 2018లో ఐదేళ్ల మూడు నెలల శిక్ష పడింది. అంటే చుక్క ఒక్కటే పట్టించిందని చెప్పలేం. అది కంప్యూటర్ లాగ్ పక్కనో, కెమెరా పక్కనో ఉన్నప్పుడే దాని బలం.

గుర్తింపు ఆనవాళ్లు పరాయి చేతుల్లో పడితే ఏమవుతుందో మన పక్క జిల్లాయే చూసింది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లో ఉన్న భూమి పత్రాల నుంచి వేలిముద్రలు దించుకొని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో వాటికి అచ్చులు తీసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశారన్నది కేసు. భూమి అమ్మినందుకో కొన్నందుకో వేలిముద్ర వేసినవారికి తమ ముద్రతో ఎక్కడో సిమ్‌లు నడుస్తున్నాయని తెలియదు. ఒక పనికి తీసుకున్న ఆనవాలు ఇంకో పనికి పోకుండా కాపలా లేకపోతే జరిగేది ఇదే.

దొంగనోట్ల వాదన ఎంత బలమైనది

దొంగనోటు బాధితులు ఎక్కువగా పేదవాళ్లే. వారసంతలో కూరగాయలు అమ్మే మనిషికి అయిదు వందల దొంగనోటు అంటగడితే ఆ రోజు కష్టమంతా పోయినట్టే. కలర్ ప్రింటరు, స్కానరు పెట్టుకొని నోట్లు వేస్తూ దొరికినవారి వార్తలు మన పత్రికల్లో కొత్త కాదు. భారతీయ న్యాయ సంహిత 178వ సెక్షన్ ఈ నేరానికి యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. హైదరాబాదులో అనుమానిత పత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఉంది. అక్కడి నిపుణులకు ఇలాంటి ఆనవాళ్లు అవసరమేనన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

అయితే నోటును కాపాడడానికి మరో దారి కూడా ఉంది. చాలా దేశాల నోట్లపై ఐదు చిన్న వలయాల అమరిక ఒకటి ఉంటుంది. దాన్ని గుర్తుపట్టిన కాపీయరు నోటును కాపీ తీయడానికి నిరాకరిస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త మార్కస్ కూన్ 2002లో ఈ అమరికను కనిపెట్టారు. ఫొటోషాప్ కూడా 2004 నాటికి నోట్ల బొమ్మలను అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఈ పద్ధతి దొంగనోటు వేయబోయేవాడిని మాత్రమే ఆపుతుంది. పిల్లల ప్రాజెక్టు రికార్డు మీద, ఆసుపత్రి రిపోర్టు మీద, యూనియన్ నోటీసు మీద ఏ ముద్రా వేయదు. చుక్కల పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. ఒక నేరస్తుడి కోసం నేరంతో సంబంధం లేని కోట్ల పేజీలకు నంబరు వేస్తుంది.

‘రహస్యంగా ఉంటేనే పని చేస్తుంది’ అనే వాదన కూడా నిలవదు. 2023లో వాట్సాప్‌లో ప్రశ్నపత్రాల లీకులు చూసిన తెలంగాణ విద్యాశాఖ, 2025 మార్చి పదో తరగతి పరీక్షల్లో ప్రశ్నపత్రాల మీద క్యూఆర్ కోడ్, సీరియల్ నంబరు ముద్రించింది. పత్రం ఎక్కడి నుంచి పోయిందో తెలుస్తుందని ముందే అందరికీ చెప్పింది. భయం పుట్టించడానికైనా గుర్తు ఉందని తెలియాలి కదా. పైగా చుక్కల లిపి 2005లోనే బయటపడింది. దాని అర్థం చెడగొట్టే సాఫ్ట్‌వేరు 2018 నుంచి ఎవరికైనా దొరుకుతుంది. ముందే ఆలోచించుకొని నేరం చేసేవాడు తప్పించుకుంటాడు. ఏమీ తెలియని మామూలు మనిషి కాగితం మీదే చుక్కలు మిగులుతాయి.

పేరు లేని ఫిర్యాదు

బెల్లంపల్లి బొగ్గు ఊరు. ఇక్కడ కాగితానికీ జీవితానికీ ఉన్న ముడి గట్టిది. మెడికల్ అన్‌ఫిట్ ఫైలు, కారుణ్య నియామకం దరఖాస్తు, గనిలో భద్రత లేదన్న మొర, కాంట్రాక్టు కార్మికుల జీతాల లెక్క, అన్నీ జిరాక్స్ సెంటర్ల మీదుగానే నడుస్తాయి. సింగరేణి కార్మిక సమాఖ్య (సికాస) కాలంలో ఒక కరపత్రం చేతిలో ఉండడమే అనుమానానికి దారితీసిన రోజులు ఈ ప్రాంతం చూసింది. పై అధికారి తప్పు చేస్తున్నాడని చెప్పాలనుకునే చిరుద్యోగి పేరు లేకుండా రాయడానికి కారణం పిరికితనం కాదు, ఇంటి పొయ్యి.

2002 నవంబరులో జాతీయ రహదారుల సంస్థ ఇంజనీరు సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి పనుల్లో అవినీతి గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాసి, తన పేరు రహస్యంగా ఉంచమని కోరారు. ఆ లేఖ పేరుతో సహా కార్యాలయాల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపారు. దోపిడీ కోసం జరిగిన హత్యగా దర్యాప్తు తేల్చింది. పేరు దాచమని అడిగిన మనిషి పేరు దాగలేదన్న నిజాన్ని మాత్రం ఆ దర్యాప్తు చెరపలేదు. దేశమంతా నిలదీశాక 2004లో ఫిర్యాదుదారుల పేర్లు గోప్యంగా ఉంచే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించారు. 2014లో పార్లమెంటు చేసిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం అమల్లోకే రాలేదు. చట్టం అండ అంతంత మాత్రంగా ఉన్నచోట, కాగితం తనంతట తాను ఆనవాలు చెప్పే ఏర్పాటు ఫిర్యాదుదారు మెడకు చుట్టుకుంటుంది.

పేరు లేని కరపత్రం గురించి దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు. అమెరికా సుప్రీంకోర్టు 1995లో, ఒక పాఠశాల పన్నును వ్యతిరేకిస్తూ పేరు లేకుండా కరపత్రాలు పంచిన మెకింటైర్ అనే మహిళ పక్షాన తీర్పు చెప్పి, అనామకంగా మాట్లాడడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమంది. మన చట్టం ఎన్నికల్లో డబ్బు, అబద్ధం అదుపులో ఉండాలని పేరు అడుగుతుంది. రెండింటి వెనకా బహిరంగ చర్చ ఉంది, కోర్టులో సవాలు చేయడానికి వీలుంది. పసుపు చుక్కకు మన దగ్గర ఆ రెండూ లేవు.

చట్టం ఎక్కడ ఆగింది

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ హక్కులోకి రాజ్యం చొరబడాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, చొరబాటు ఆ లక్ష్యానికి తగినంతే ఉండాలి. పసుపు చుక్క మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది, దానికి చట్టమే లేదు. వేసేది ప్రైవేటు కంపెనీ కదా అనవచ్చు. దాన్ని చదివి వాడుకునేది ప్రభుత్వమే అయినప్పుడు ఆ మాట సరిపోదు. యూరప్‌లో కూడా 2008లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు, దీనిపై ప్రత్యేక చట్టం లేకపోయినా గోప్యత, వ్యక్తిగత సమాచార రక్షణ హక్కులకు ఇది భంగం కలిగించవచ్చని యూరోపియన్ కమిషన్ ఒప్పుకుంది.

మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కాగితం మీది చుక్క ఆ చట్టం పరిధిలోకి నేరుగా రాదు. సీరియల్ నంబరును కొనుగోలుదారు పేరుతో కలిపే కంపెనీ రికార్డు రావాలి. కానీ నేర పరిశోధన అన్న మాట వస్తే ఆ చట్టమే చాలా బాధ్యతల నుంచి మినహాయిస్తుంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద స్టేషన్ ఆఫీసరు రాతపూర్వకంగా అడిగితే కంపెనీ వివరాలు ఇవ్వాల్సి ఉంటుంది. ముందుగా న్యాయమూర్తి అనుమతి తీసుకోవాలన్న నిబంధన అందులో లేదు.

సదుద్దేశంతో పుట్టిన సాధనం సదుద్దేశంతోనే వాడబడుతుందన్న భరోసా తెలంగాణలో ఎవరు ఇవ్వగలరు? పోలీసు శాఖ ప్రత్యేక నిఘా విభాగంలోని పరికరాలను రాజకీయ నాయకుల మీద, ఇతరుల మీద వాడారన్న ఆరోపణలతో 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ ఫోన్ ట్యాపింగ్‌కు ఎంతో కొంత చట్టం, అనుమతుల పద్ధతి ఉన్నాయి. అవి ఉన్నచోటే ఇంత గొడవ జరిగితే, ఏమీ లేనిచోట సంగతి ఊహించుకోవచ్చు.

ఏం అడగాలి

చుక్కలను రేపటికి రేపు నిషేధించమని అడగడం కన్నా, అవి ఉన్నాయని చెప్పించడం ముందు పని. దానికి దారి ఇప్పటికే ఉంది. 2012లో కేంద్రం మొదలుపెట్టిన తప్పనిసరి నమోదు పద్ధతి ప్రకారం ప్రింటర్లు భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర నమోదు కాకుండా అమ్మకూడదు. ఆ నమోదు విద్యుత్ భద్రత కోసం. దానికి ఒక షరతు కలపాలి: ఈ యంత్రం పేజీ మీద గుర్తు వేస్తుందా, అందులో ఏముంటుంది అన్నది పెట్టె మీద, వాడుక పుస్తకంలో తెలుగుతో సహా భారతీయ భాషల్లో రాయాలి.

రెండోది, గుర్తును చదివి కొనుగోలుదారు వివరాలు అడగడానికి న్యాయమూర్తి ఉత్తర్వు తప్పనిసరి కావాలి. అది కూడా దొంగనోట్ల వంటి, చట్టంలో పేర్కొన్న తీవ్ర నేరాలకే. పరువునష్టం కేసుకో, అధికారిపై ఫిర్యాదు చేసిన ఉద్యోగిని వెతకడానికో వాడకూడదు. మూడోది, చుక్కలను సాక్ష్యంగా కోర్టులో పెడితే లిపి ఏమిటో, గడియారం సరైనదేనా అన్నది నిందితుడి తరఫు నిపుణుడు పరీక్షించే హక్కు ఉండాలి. కంపెనీ రహస్యం అన్న సాకు అక్కడ చెల్లకూడదు. నాలుగోది, ఫిర్యాదులు తీసుకునే కార్యాలయాలు ఫిర్యాదు అసలు ప్రతిని, దాని రంగు స్కాన్‌ను ఆరోపణ ఎదుర్కొంటున్న శాఖకు పంపకూడదు. విషయాన్ని తిరిగి టైపు చేయించి పంపాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

చట్టాలు వచ్చేలోగా మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. గోప్యంగా ఉండాల్సిన కాగితాన్ని నలుపు-తెలుపు యంత్రం మీదే తీయించుకోవాలి. వాట్సాప్‌లో పంపిన ఆధార్, పాస్‌బుక్కు ఫైళ్లను ప్రింటు అయ్యాక షాపు ఫోన్‌లో మన ఎదుటే తీసేయించాలి. యంత్రాన్ని అమ్మేటప్పుడు షాపువారు లోపలి హార్డ్‌డిస్కును శుభ్రం చేయించాలి. అమెరికాలో ఒక ఆరోగ్య బీమా సంస్థ తిరిగి ఇచ్చిన అద్దె కాపీయర్లలో రోగుల రికార్డులు అలాగే మిగిలిపోయి, 2013లో 12 లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది.

ప్రెస్సు పేరు వేయమన్న చట్టానికి ఈ ఊరి ముద్రాపకులు దశాబ్దాలుగా కట్టుబడి ఉన్నారు. ఎందుకు వేయాలో వారికి తెలుసు, వేసినందుకు ఎక్కడ జవాబు చెప్పాలో కూడా తెలుసు. కోట్ల రూపాయల కంపెనీల నుంచీ వారి యంత్రాల ముద్రలు చదివే ప్రభుత్వం నుంచీ అంతే నిజాయితీ ఆశించడం అత్యాశ కాదు. రాష్ట్రం నుంచి ఎన్నికైన పార్లమెంటు సభ్యులు కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖను ఒక్క రాతపూర్వక ప్రశ్న అడిగితే దీనికి మొదటి అడుగు పడుతుంది: భారతదేశంలో అమ్ముడవుతున్న ఏయే ప్రింటర్లు కాగితంపై రహస్య గుర్తు వేస్తున్నాయి, ఎవరి అనుమతితో?